చెప్పులు విడిచి బారులోకి వెళ్ళే మనిషి

ఈ మధ్య ఒక పెద్దకర్మ కార్డు మా ఇంటికి వచ్చింది. చనిపోయినవారి ఫొటో కింద "ప్రముఖ హోటల్ వ్యాపారవేత్త, ఉదార హృదయులు, మితభాషి" అని అచ్చువేశారు. చదవగానే నాకు కోపం వచ్చింది. ప్రముఖుడని ఎవరైనా అంటే ఆయన అక్కణ్ణించి లేచిపోయేవాడు. ఉదార హృదయం సంగతి అటుంచితే, నిన్నటి సాంబారును వేడిచేసి ఇవాళ వడ్డించబోయిన వంటవాణ్ణి వీధి చివరిదాకా వినబడేటట్టు తిట్టిన మనిషి ఆయన. ఇక మితభాషి అనడం పచ్చి అబద్ధం. ఆయన నోరు విప్పని విషయం ఒక్కటే ఉండేది. ఆ ఒక్కటి ఏమిటో తెలుసుకోవడానికి నాకూ మా తమ్ముడికీ ఒక ఎండాకాలమంతా పట్టింది. తప్పుడు పద్దు కనబడితే ఎర్రసిరాతో దిద్దకుండా పక్కన పెట్టలేని ఉద్యోగం చేసినవాణ్ణి. ఆ కార్డును అలాగే వదిలివేయడం నాచేత కాలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. అమ్మినవారి పేరు దస్తావేజులో ఉంటే చాలు.

నేను సహకార శాఖలో ఆడిటరుగా పనిచేసి విరమించాను. కాపురం విజయనగరంలో. మాది గరివిడి దగ్గర మెట్ట వ్యవసాయం చేసిన కుటుంబం. మా తమ్ముడు అక్కడే ఒక కర్మాగారంలో చిరకాలం పనిచేశాడు. విరమణ సొమ్మునూ, తన వాటా భూమి అమ్మగా వచ్చిన సొమ్మునూ కలిపి బొబ్బిలిలో ఒక హోటలు కొనాలని నిశ్చయించుకున్నాడు. ముందువైపు భోజనశాల, పైన గదులు, వెనకవైపు బారు. ఆ సొమ్ము పోతే అతనికి మరొక ఆధారం లేదు. ఈ సంగతి అతనికి తెలియదని కాదు. తెలిసీ హుషారుగా ఉండగలగడం అతని స్వభావం. భయపడే పని ఇంట్లో ఎప్పుడూ నాకే అప్పగించేవారు.

బేరం తెచ్చిన మధ్యవర్తి మా ఊరివాడే. కనబడిన ప్రతివాణ్ణీ మావా అని పిలుస్తాడు. కాగితాల కట్ట నా బల్లమీద పడేసి, "పాలల్లాగున్నాయి మావా కాయితాలు. ఈసీ సూడు, సుక్క మచ్చ నేదు. హోటలు తోటి బారు, బారు తోటి లైసెన్సు, కట్టగట్టి వస్తాయి," అన్నాడు.

ఆస్తిమీద ఇంతకాలంగా జరిగిన అమ్మకాలు, తాకట్లు రిజిస్ట్రారు కార్యాలయం లెక్కల ప్రకారం చూపించేది ఈసీ. దానిని నేను క్షుణ్ణంగా చదివాను. నిజంగానే మచ్చ లేదు. స్థలం మొత్తం ఆ హోటలాయన తండ్రిది, ఆయన తదనంతరం హోటలాయనది. నాకు అడ్డుతగిలిన మాట లైసెన్సు గురించినది.

"భవనంతో పాటు లైసెన్సు కూడా వస్తుందని ఏ చట్టంలో ఉందిరా?" అని అడిగాను.

"సట్టం ఎవులు సూసినారు మావా! ఫ్రేము కట్టి గోడకి ఏలాడతన్నాది. గోడ కొన్నోడిది కాదేటి ఫ్రేము?"

మా తమ్ముడు తల ఊపాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చదువుకున్నవాడు, యంత్రాలు నడిపినవాడు, గోడతో పాటు గోడమీది కాగితం కూడా తనదవుతుందని నమ్మాడు. విచారిస్తే ఆ ప్రాంతంలో హోటళ్ళు కొన్నవారిలో చాలామంది నమ్మకం అదేనని తెలిసింది.

మేము మొదటిసారి వెళ్ళినప్పుడు మధ్యాహ్నమైంది. హోటలాయన పొట్టివాడు. భుజంమీద తువ్వాలు. మా చేతిలో కాగితాలు చూసి తన చేతులు ఆ తువ్వాలుతో తుడుచుకున్నాడు, చేతులు పొడిగానే ఉన్నా. పరుల కాగితం ముట్టుకునే ముందు ఆయన ప్రతిసారీ ఆ పని చేసేవాడు. కాగితాలు తీసుకుని, చదవకుండా బల్లమీద బోర్లించాడు.

"ముందు బోంచెయ్యండి బాబూ. ఆకలితోటి బేరమాడినోడు నీల్లు కూడా ఎక్కువకే కొంటాడు."

భోజనమయ్యాక భవనం చూపించాడు. గదులు, వంటిల్లు, నూతి దగ్గర మోటారు, అన్నీ కబుర్లు చెబుతూ చూపించాడు. నడవా చివర బారు హాలు గడప వచ్చేసరికి ఆగి, చెప్పులు విడిచి, గోడవారగా సర్ది, వట్టి కాళ్ళతో లోపలికి వెళ్ళాడు. లోపల నేలమీద వేరుశనగ పొట్టు, ఒలికిన సోడా. మేము బూట్లతో నిలబడి ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

అక్కడ వడ్డించే మనిషి నవ్వాడు. "మా ఓనరు బాబు అంతేనండి. గుడికెల్లినట్టు ఎల్తాడు."

ఇది ఒక ప్రదర్శన అని నేను తీర్మానించుకున్నాను. మందు అమ్మే మనిషి భక్తి నటిస్తున్నాడనుకున్నాను. ఆయన ఖాళీ గ్లాసులను ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, కడగని దానిని వేరే పెట్టాడు. ఆయన తాగడు. కానీ ఏ గ్లాసులో ఏది పోశారో చెప్పేవాడు. ఒక మూల బల్ల దగ్గర తూలుతున్న మనిషి భుజం తట్టాడు.

"ఒరే బావా, లెగు. ఇంక సాలు."

"డబ్బులిస్తన్నాను కాదేటి! ఊరికే పోస్తన్నావా?"

"నీ డబ్బులు తీసుకుంటాను గానీ మీ యావిడ శాపనార్థాలు ఎవులు తీసుకుంటారు? గడియెట్టేస్తాది, అరుగు మీద తొంగుంటావు. లెగెహె!"

"బారెట్టుకుని తాగొద్దంటాడు. ఇలాటోడు ఎక్కడైనా ఉన్నాడేటి!" అని ఆ బావ మమ్మల్ని సాక్షులుగా పిలుస్తూ వెళ్ళిపోయాడు. మా తమ్ముడు నా చెవిలో, "నేను కొన్నాక ఇలా తరమను అన్నయ్యా," అన్నాడు.

ధర కుదిరింది. మిగిలింది తాంబూలం. మా వైపు ఆకూ వక్కా చేతులు మారాయంటే మాట ఇచ్చినట్టే. తరువాత వెనక్కి పోయినవాడికి ఊళ్ళో తలెత్తుకునే వీలుండదు. అందుకే ఆ రోజుకు ముందే అన్నీ తేలాలన్నది నా పట్టుదల. బేగి ఇచ్చేసి మనిషిని కట్టెయ్యాలన్నది మా తమ్ముడి తొందర. చివరికి అతని తొందరే నెగ్గి ఒక గురువారం పళ్ళెంతో వెళ్ళాం.

హోటలాయన పళ్ళెం చూసి ఆకాశంవైపు చూశాడు. "ఇయ్యాల మూఢం కాదేటి బాబూ?"

నా సంచీలో పంచాంగం ఉంది. తీసి చూపించాను. మూఢం లేదు. "మా పూజారి సెప్పినాడు మరి," అని వంటింట్లోకి వెళ్ళిపోయాడు. రెండోసారి పంటినొప్పి. దవడ పట్టుకుని సైగలు చేశాడు, మేము మెట్లు దిగుతుండగానే వంటవాణ్ణి గొంతెత్తి కేకలేశాడు. మరొకసారి మేము రావడం దూరాన్నుంచే చూసి లోపలికి తప్పుకున్నాడు. నేను ఊరుకునేవాణ్ణి కాదు. వెతుక్కుంటూ వెళితే పొయ్యిల వెనక ముక్కాలిపీట మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

"మీరు తరగడమేమిటండీ? మనుషులున్నారుగా?"

"ఉల్లిపాయలు నానే తరగాల బాబూ. నేకపోతే పెసరట్టు ఆలీసమైపోద్ది."

కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. ఉల్లిపాయలవల్లనే అనుకున్నాను. ఎక్కువ ధరకు మరొక కొనుగోలుదారు దొరికాడనీ, మమ్మల్ని ఊరిస్తున్నాడనీ దినచర్యలో రాసుకున్నాను. తాకట్టు ఏమైనా దాస్తున్నాడేమోనని మరొకసారి ఈసీ తీయించాను. మునుపటిలాగే తెల్లగా ఉంది. అడిగిన ప్రశ్నకు రాతమూలకంగా జవాబు ఇమ్మంటే ఆయన ఇలా అనేవాడు:

"రాస్తే కాయితం కాడ ఉంటాది బాబూ. సెప్తే మనిసి కాడ ఉంటాది."

"మనిషి మాట మార్చితే?"

"మారిస్తే మొకం సూడొచ్చు కదా. కాయితానికి మొకమేదీ?"

ఈ తర్కం ఏ ఆడిటరుకు నచ్చుతుంది? చివరికి నేను ఒక ఉత్తరం రాశాను. భవనం నిలిచిన స్థలం యావత్తూ మీ ఒక్కరి హక్కులోనే ఉన్నదా? లైసెన్సు ఎవరి పేరున, ఏ ప్రాంగణానికి, ఏ గడువు వరకు ఉన్నది? దానిని కొనుగోలుదారు పేరుకు మార్పించడానికి మీరు సమ్మతిస్తారా? పక్క ఊరు వంటిదే అయినా రిజిస్టరు పోస్టులో పంపాను. పంపి, తమ్ముణ్ణీ మధ్యవర్తినీ వెంటబెట్టుకుని జవాబుకు నేనే వెళ్ళాను.

ఆ రోజు ఆయన పారిపోలేదు. ఉత్తరం జేబులోనే ఉంది. చేతులు తుడుచుకుని, మడత విప్పి, ప్రశ్నలను చివరినుంచి మొదలుపెట్టి పైకి చదివాడు. లైసెన్సు దగ్గర లేచి వెళ్ళి గోడమీది ఫ్రేమును తీసి మా ముందు పెట్టాడు. నేను చదివి తమ్ముడికి వివరించాను. అది భవనానికి పుట్టిన కాగితం కాదు. అందులో పేరున్న మనిషికి, నక్షాలో గీసిన ఆ ఒక్క హాలులో, ఆ గడువు వరకు మాత్రమే అమ్ముకోవడానికి ప్రభుత్వం ఇచ్చిన అనుమతి. పేరు మారాలంటే ఎక్సైజు శాఖ ముందుగా ఒప్పుకోవాలి. హాలు చేజారితే కాగితం ఉన్నా లేనట్టే.

"ఇంత రగడెందుకు మావా!" అన్నాడు మధ్యవర్తి. "గడువింకా ఉన్నాది. పేరు పెద్దాయనది అలాగే ఉండనియ్. యాపారం తమ్ముడు సేసుకుంటాడు. ఎవులడుగుతారు? అందరూ సేస్తన్నదే."

హోటలాయన మొహం ఎర్రబడింది. "నా పేరేటి, మీ తాత వొగ్గేసి ఎల్లిన గొడుగేటిరా, వానొచ్చినోడల్లా పట్టుకెల్లడానికి? రేపు సీసాలో ఎవుడేటి కలుపుతాడో, తాగినోడు పడిపోతే బేడీలెవులికి? ఈ పేరుకి. పోనీ నాను ఎల్తాను. నాను కన్ను మూస్తే? కాయితం కూడా నా తోటే మూస్తాది. అప్పుడీ తమ్ముడు ఏటి కొన్నట్టు? గోడలు కొన్నట్టు, రెండు ఫ్రిజ్జులు కొన్నట్టు!"

నా మనసులోని మాట ఇంత స్పష్టంగా మరొకరి నోట వినడం నాకు అదే మొదటిసారి. ఆయనను గురించి రాసుకున్నదంతా ఒకసారి కదిలింది. అయితే మొదటి ప్రశ్న మిగిలే ఉంది. దాని దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గిపోయింది. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తరువాత లేచి మమ్మల్ని నడవా చివరికి తీసుకుపోయాడు. అలవాటు ప్రకారం చెప్పులు విడిచాడు. ఈసారి లోపలికి వెళ్ళలేదు.

"ఇక్కడిదాకా నాది బాబూ. ఈ గడప అవతల మా అప్పది."

ఆయన అక్కగారికి పెళ్ళి చేసినప్పుడు తండ్రి ఆ పెరడును పసుపు కుంకుమ కింద ఇచ్చాడు. కులపెద్దల ఎదుట ఆమె చేతిలో నీళ్ళు పోసి చెప్పాడు. కాగితం రాయలేదు. కూతురికి ఇచ్చిన దానికి రాత కోతలేమిటని ఆ కాలంలో అనుకునేవారు. ఆమె కాపురానికి వెళ్ళిపోయింది. పెరడు అలాగే పడి ఉంటే, చాలా ఏళ్ళ తరువాత ఆమెను అడిగి ఈయన అక్కడ హాలు కట్టుకున్నాడు. ఆడపడుచు సొత్తును చెప్పుకాళ్ళతో తొక్కితే పుట్టింటికి అరిష్టమని ఆయన నమ్మకం. గుడీ భక్తీ ఏమీ లేవు. ఊళ్ళో వెనకటి తరానికి అంతా తెలుసు. ఒక్క ఈసీకే తెలియదు.

"ఇది మొదటి రోజే చెప్పవలసిన మాట కాదా?" అన్నాను. నా గొంతు హెచ్చిందనే అనుకుంటాను.

"సెప్పాల. మీకు సెప్పడం సుళువే బాబూ. దాన్ని అమ్ముతానని అప్పకి సెప్పాల కదా. ఇచ్చిన పసుపు కుంకుమ తిరిగి ఇమ్మని ఆడపడుచుని అడిగినోడు మనిసేటి? నోరు రానేదు."

మధ్యవర్తి నన్ను పక్కకు లాగాడు. ఆయనకూ వినబడేటట్టే అన్నాడు. "ముసలమ్మ కాడ కాయితం ముక్క నేదు మావా. కోర్టుకెల్లినా నిలవదు. రాయించేసుకోండి."

"కోర్టులో నిలవకపోవచ్చు," అన్నాడు హోటలాయన. "నా పీక కాడ నిలస్తాది."

మా తమ్ముడి సొమ్ము ఏ గోతి అంచున నిలబడి ఉందో నాకు అప్పుడు కనబడింది. ముందుభాగం కొన్నా అన్నం అమ్ముకోవడమే. పెట్టుబడి తిరిగి రావాలంటే బారు నడవాలి. బారుకు లైసెన్సు కావాలి, లైసెన్సుకు ఆ హాలు కావాలి. ఆ హాలు ఒక ఆడపడుచు స్థలంలో ఉంది. రేపు ఆమె మనవలెవరో వచ్చి తాళం వేస్తే మేము ఏ కాగితం చూపించాలి? కోర్టు ఎవరి పక్షం చెబుతుందో ఎవరికీ తెలియదు. తెలిసేలోగా గడువు అయిపోతుంది.

మర్నాడు హోటలాయనను ఎక్కించుకుని మా తమ్ముడి కారులోనే ఆయన అక్కగారి ఊరికి బయలుదేరాం. మధ్యవర్తిని పిలవలేదు. రాజాం మీదుగా హైవే ఎక్కి, టెక్కలి దాటి నౌపడ చేరేదాకా ఆయన దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. ఉప్పుమడులు కనబడగానే ఆగిపోయాడు.

అక్కగారు వీధి అరుగుమీద కూర్చుని చింతపండు గింజ తీస్తున్నారు. తమ్ముడికంటె పొడగరి, గొంతు కూడా పెద్దది.

"ఏరా, దారి మర్సిపోనేదన్నమాట! ఈలెవులు?"

ఆయన భుజంమీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "అప్పా, హోటలు అమ్మేద్దామనుకుంటన్నాను. మోకాల్లు పని సెయ్యడం నేదు."

"ఊరంతా తెలుసు. సంక్రాంతి ఎల్లినకాడి నుంచి ఎవులో ఒకలు వచ్చి సెప్తనే ఉన్నారు. నీ నోటంట ఎప్పుడొస్తాదా అని సూస్తన్నాను."

"ఎనక స్థలం నీది కదప్పా..."

"నాదని గుర్తున్నాదా? మరి ఈ బాబుల కాడ దొంగలాగ తప్పించుకు తిరిగినావట, పంటి నెప్పనీ ఉల్లిపాయలనీ!"

"నీకిచ్చింది నాను తిరిగి అడగనా? నోరెలాగొస్తాది?"

"నోరు నేనోడివి ఇన్నాల్లు బారెలాగ నడిపినావురా!" అని ఆమె ఎంత గట్టిగా నవ్విందంటే ఎదురింటివారు తలుపు తీశారు. నవ్వు ఆగాక చింతపండు పళ్ళెం పక్కకు నెట్టింది. "అడిగితే ఇవ్వనా? అడక్కుండా అమ్మితే ఊరుకునేదాన్నా? ఆ రెండూ నీకు తెలుసు. మరెందుకురా ఇంత సిక్కిపోయినావు?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అక్కడ ఉల్లిపాయలు లేవు.

ఆమె మా తమ్ముడివైపు తిరిగింది. "బాబూ, మందు అమ్ముతావేటి?"

"అమ్ముతానమ్మా. దానికోసమే కొంటున్నాను."

"ఎవులి పేరు మీద?"

మా తమ్ముడు నావైపు చూశాడు. మధ్యవర్తి చెప్పిన దారి అతని మనసులోనుంచి పూర్తిగా పోలేదని నాకు తెలుసు. "నా పేరుకు మార్పిస్తానమ్మా. అది వచ్చేదాకా మాత్రం..." అని నసిగాడు.

"వచ్చేదాకా మా వోడి పేరు మీద పోస్తావు. అంతేనా? ఐతే సంతకం సెయ్యను. కాయితం నీ పేరుకి మారేదాకా హాలుకి తాళం. తాళంసెవి నా కాడ. ఇష్టమైతే రిజిస్ట్రీ ఎప్పుడంటే అప్పుడు వస్తాను, నేకపోతే మజ్జిగ తాగి ఎల్లండి."

మజ్జిగ తాగాం. ఒప్పుకున్నాం. వకీలు సలహామీద ఆమెనూ అమ్మకందారుల్లో చేర్చి దస్తావేజు రాయించాం. హద్దులు ఆమె చెప్పినట్టే రాశాం. తన వాటా సొమ్ము ఆమె స్వయంగా అందుకుంది. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో వేలిముద్ర వేస్తూ, "పుట్టింటి పెరడు పోతన్నాది," అని ఒక్కసారి అన్నది. హోటలాయన తలవంచుకున్నాడు. "నీకు కాదురా, పెరడుకి సెప్తన్నాను," అన్నది.

తరువాతి నెలలు నాకు కోపంతోనే గడిచాయి. పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. గదులు నిండాయి, హాలుకు తాళం. వచ్చినవాళ్ళు తలుపు తట్టి వెనక్కి పోయారు. మా తమ్ముడి హుషారు మొదటిసారిగా తగ్గింది. దరఖాస్తు ఎక్సైజు కార్యాలయంలో ఒక బల్లనుంచి మరొక బల్లకు నడుస్తోంది. పాత లైసెన్సుదారు స్వయంగా వచ్చి సమ్మతి చెప్పాలన్నారు. హోటలాయన విజయనగరం వచ్చాడు. కార్యాలయం మేడమీద ఉంది. కింద కుర్చీ వేయిస్తాం, అధికారిని అడుగుదాం అన్నాను. వినలేదు. కమ్మీ పట్టుకుని, ప్రతి మెట్టు దగ్గరా మోకాలిని తిట్టుకుంటూ ఎక్కాడు.

"మీ ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారా?" అని అధికారి అడిగారు.

"ఇస్టం నేకపోతే ఇన్ని మెట్లెక్కుతానేటి బాబూ?" అన్నాడు. రాత అంటే గిట్టని మనిషి చేతులు తుడుచుకుని, వాంగ్మూలం కింద పేరు పూర్తిగా, అక్షరం అక్షరం కూడదీసుకుంటూ రాశాడు.

కార్తీకంలో ఆయనకు జబ్బుచేసింది. గుండె అన్నారు. ఆసుపత్రినుంచి బొబ్బిలి రాకుండా నౌపడలో అక్క ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ కబురు విని మా తమ్ముడు నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. అడగవలసినది అడగలేక, ఫ్యాను వైపు చూశాడు. అతని ప్రశ్నకు జవాబు నేను అప్పటికే విచారించి ఉన్నాను. మార్పు ఉత్తర్వు వెలువడకముందే లైసెన్సుదారు కన్నుమూస్తే మా దరఖాస్తు అక్కడితో ఆగుతుంది. ఆ తరువాత ఏదైనా ఉంటే వారసులు అడుక్కోవలసినదే. కొన్నవాడికి ఏ హక్కూ ఉండదు. ఒక మనిషి ప్రాణం నిలవాలని కోరుకుంటూ, ఆ కోరికలో ఎంత పాలు ఆయనకోసం, ఎంత పాలు కాగితంకోసం అని లెక్క తీయలేని స్థితి ఎంత ఇబ్బందికరమో అప్పుడు తెలిసింది. ఇద్దరం చూడడానికి వెళితే ఆయన మంచంమీదనుంచే, "బోంచేసినారా?" అన్నాడు. లైసెన్సు మాట మేము ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు.

ఉత్తర్వు ఒక సాయంత్రం వచ్చింది. హాలు నక్షా జతచేసి, మా తమ్ముడి పేరుతో వచ్చింది. అతను వెంటనే నాకు ఫోను చేశాడు. "అన్నయ్యా, వచ్చేసింది," అన్నాడు. నౌపడకు ఫోను చేయమన్నాను. అక్కగారే తీశారట. మర్నాడే తాళంచెవి మనిషిచేత పంపారు. ఆ వారంలోనే ఆయన పోయారు.

పెద్దకర్మకు ఇద్దరం వెళ్ళాం. మధ్యవర్తి కూడా వచ్చాడు. విస్తరి ముందు మా తమ్ముడి పక్కకు జరిగి, "మావా, లైసెన్సుదారు పోయినాడు కదా, మరి బారు పనేటి? మూసెయ్యాలేటి?" అని జాలిగా అడిగాడు.

"అది నా పేరుమీదే ఉందిరా. పప్పు చల్లారిపోతోంది, కలుపుకో," అన్నాడు మా తమ్ముడు. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహం చూశాను. చాలాకాలం తరువాత అందులో ఏ లెక్కా లేదు.

భోజనాలయ్యాక అక్కగారు మమ్మల్ని పిలిచారు. రోజుల తరబడి ఏడ్చిన కళ్ళు, గొంతు మాత్రం మునుపటిదే.

"బాబూ, నువ్వు ఫోను సేసినావు సూడు, అప్పటికి వోడికి తెలివి వస్తన్నాది, పోతన్నాది. వచ్చినప్పుడల్లా ఒకటే మాట. 'అప్పా, ఆ గరివిడి తమ్ముడికి కాయితం వచ్చినాదా?' నానేటి సెప్పను? రానేదు, రానేదు అంటే బాదపడతాడు, వచ్చిసినాదంటే అబద్దం. ఆ రోజు నీ ఫోను పెట్టేసి ఎల్లి సెవి కాడ గట్టిగా సెప్పినాను. వచ్చిసినాదిరా, ఆ తమ్ముడి పేరే రాసినారు, ఇంక నీ పేరు తోటి ఎవులికీ పని నేదు, అని."

మా తమ్ముడు నేలవైపు చూస్తున్నాడు. "ఏమన్నారమ్మా?" అని నేనే అడిగాను.

"హమ్మయ్య అన్నాడు బాబూ. మరేటీ అడగనేదు."